అద్దంలో దాచిన గొంతు

మార్చి 4
నా పనుల చీటీ: దుప్పట్లు ఉతకడం, స్టవ్ విప్పి తుడవడం అయ్యాయి. కుర్చీకాలు బిగించడం మిగిలింది.

ప్రియమైన తమ్ముడూ,
నాన్న లినక్స్ కంప్యూటర్ నిన్నటినుంచి టిక్కుటిక్కుమంటోంది. డిస్కు పోయేలా ఉంది. రేడియోలు బాగుచేస్తూ ఆయన చెప్పిన మాటల రికార్డింగులన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన పోయినా, ఆ గొంతు వింటే చాలు, సోల్డరు పొగ వాసన, బల్లకింద మనిద్దరం స్క్రూలు ఏరడం, అన్నీ వచ్చేస్తాయి. బ్యాకప్‌కి ఏది నమ్మకమైనదో చెప్పు. మీ బావ టార్ అనే ప్రోగ్రాంతో ఫైళ్లన్నీ ఒకే మూట కట్టెయ్యమంటున్నారు. రోజుకో మూట కడితే చోటెక్కడిది?
నీ అక్క

మార్చి 9
ప్రియమైన అక్కకి,
బావ మూటలు బావకే ఉంచు. ఆర్‌సింక్ వాడు, ఆ ప్రోగ్రాం మారిన ఫైళ్లనే రెండో డిస్కుకి మోస్తుంది. ఇక్కడ చెరిపినవి అక్కడా చెరిపేలా పెట్టుకుంటే రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఏళ్లుగా నాదీ అదే పద్ధతి. అయినా కంగారెందుకు, నాన్న రికార్డింగులు నా దగ్గరా ఉన్నాయిగా!
నీ చిన్నోడు

మార్చి 15
ఒరే చిన్నోడా,
తాళం వేశాక లాగి చూడనిదే నాకు నిద్రపట్టదు. ఓ ఉత్తుత్తి ఫైలు కాపీ చేసి, ఇక్కడ చెరిపి, ఆర్‌సింక్ మళ్లీ నడిపాను. అక్కడా మాయం! చెప్పిందే చేసింది పాపం. కానీ ఇది దాచడం కాదురా, అద్దంలో చూపించడం. ఎదుట మనిషి లేచిపోతే అద్దంలోనూ ఉండడు. నిన్నటిది నిన్నటిలా ఉంచేది కావాలి నాకు. నీ కాపీ కూడా ఓసారి తెరిచి చూడు.
అక్క

మార్చి 21
అక్కా,
తెరిచాను. నాన్న నా గురించి ఒక్క మంచిమాటైనా అన్నారేమో విందామనుకున్నాను. ఫోల్డరే లేదు. ఎప్పుడో చోటు కోసం చెత్త ఊడుస్తూ దాన్నీ ఊడ్చేశాను. నువ్వన్న ఆ అద్దం నా రెండో డిస్కులోనూ ఊడ్చేసింది. ఇక నీ దగ్గరున్నదే. బోర్గ్ అనే ప్రోగ్రాం వాడు. ఏ తేదీది ఆ తేదీకి ఉంచుతుంది, మారనిది మళ్లీ రాయదు. త్వరగా, అక్కా.
తమ్ముడు

మార్చి 27
ప్రియమైన చిన్నోడికి,
బెంగపడకు. బోర్గ్‌తో కొత్త డిస్కుకి ఎక్కించాను. అంతా సరిగ్గా ఉందని అది చెప్పినా నమ్మలేదు. మీ బావ లాప్‌టాప్‌లో ఖాళీ ఫోల్డరులోకి వెనక్కి తీసి, ఒక్కొక్కటే విన్నాను. "ఇంకా ఎంతసేపే?" అని విసుక్కుంటూ వచ్చిన మనిషి తనే కూర్చుండిపోయారు. మర్నాడు పాత డిస్కు లేవలేదు.

ఒకచోట నాన్న పని ఆపి నాతో అంటున్నారు: "ఈ సన్నతీగ నావల్ల కాదమ్మా. చిన్నోణ్ణి రానీ. వాడి చెయ్యి నాకంటే నిలకడ. వాడితో అనకు, నెత్తికెక్కుతాడు."

అనొద్దన్నారని అనలేదు. ఆపైన మరిచేపోయాను. కాపీ పంపుతున్నాను. ఆ మాట నీకు బాకీ పడ్డాను, ఈరోజుతో చెల్లు.
నీ అక్క