ఎడమ భుజం మీద నా చెయ్యి

నేను, వయసు అరవై మూడు, స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీని, ఈ మంగళవారం పగలు పదకొండు గంటలకు దస్తావేజులు రాసే ఆయన గదిలో కూర్చుని నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. మతి నిలకడగానే ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు, మాయమాటలు చెప్పలేదు. గుండె కవాటం మార్చడానికి డాక్టర్లు వచ్చే సోమవారం రోజు పెట్టారు. బతుకుతాననే అంటున్నారు. అయినా బాగా అలసిపోయి ఉన్నాను, చెప్పవలసినవి నాతోనే పోకూడదని రాస్తున్నాను. ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు.

మా ఆయన కింద రోడ్డు పక్కన మోటారుసైకిలు మీద కూర్చుని నా కోసం చూస్తున్నారు. షాపు అద్దె కాగితమని అబద్ధం చెప్పి పైకి వచ్చాను. దీన్ని అమలు చేసే బాధ్యత మా అమ్మాయిది.

1. నా కుట్టుమిషను, మోటారుతో సహా, పక్క షాపులో కాజాలు కుట్టే ఆవిడకు చెందాలి. పద్దెనిమిదేళ్ళుగా నా చొక్కాలకు కాజాలు కుట్టింది, ఒక్కరోజూ విసుక్కోలేదు. పెద్ద కత్తెర కూడా ఆమెదే. దానితో కాగితం కోస్తే మాత్రం దెయ్యమై వచ్చి పక్కన కూర్చుంటాను.

2. నా నాలుగు గాజులు, గొలుసు, బీరువాలోని చీరలన్నీ మా అమ్మాయికి. వాటితో పాటు బీరువా అడుగు అరలో ఒక నల్ల సంచీ ఉంటుంది. మందపాటి గుడ్డ, గట్టి జిప్పు, లోపల దూది వేసి కుట్టాను. అమ్మాయీ, కారెక్కగానే ఫోను అందులో వేసి, జిప్పు లాగి, వెనక సీట్లో పడెయ్యి. స్పీకరులోనే కదమ్మా మాట్లాడేది అంటావు. చేతులు స్టీరింగు మీదే ఉంటాయి, నీ బుర్ర మాత్రం అవతలివాళ్ళ వంటింట్లో తిరుగుతుంటుంది. నీ కారు పక్క నుంచి పోయేవాళ్ళలో మేమూ ఉంటాం.

3. నా పేరున ఉన్న మోటారుసైకిలు నా తదనంతరం మా ఆయనకు చెందరాదు. తాళంచెవి ఆయన చేతికి ఇవ్వరాదు. అడిగినా, అలిగినా, అన్నం మానేసినా ఇవ్వరాదు.

ఇది చదివి మా ఆయన అజాగ్రత్త మనిషని ఎవరూ అనుకోవద్దు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక ల్యాబుకి రక్తం శాంపిళ్ళు మోశారు. ఒక్క సీసా పగల్లేదు, తన తప్పుతో ఒక్కసారి కింద పడలేదు. డ్రైవరు మొహం చూడకు, ముందు చక్రం చూడు అనేవారు. మొహం నిన్ను చూస్తూనే ఉంటుంది, బండి మాత్రం నీ మీదికి వచ్చేస్తుంది. ఆగి ఉన్న ప్రతి కారుకీ తలుపు తెరుచుకుంటుందనే అనుకుని దూరంగా పోయేవారు. లారీ పక్కన ఒక్క క్షణం నిలిచేవారు కాదు. పట్టపగలు కూడా లైటు వేసి నడిపేవారు. దారిన పోయేవాళ్ళంతా చేతులూపి, అరిచి, లైటు వెలుగుతోందని చెప్పేవారు. మేం అందరికీ థాంక్స్ చెప్పేవాళ్ళం. ఇన్నేళ్ళలో మా లైటు గురించి పట్టించుకున్నంతగా ఆ మనుషులు తమ ఇండికేటరు గురించి పట్టించుకోలేదు.

అలాంటి మనిషికి ఆరేళ్ళ కిందట ఎడమ కన్ను పోయింది. నరం చచ్చిపోయిందట, తిరిగి రాదట. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆ బండి కూడా లేకపోతే నేనెవర్ని అన్నారు. మరునాటి నుంచి గుడ్డల మూట ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుని, ఆయన ఎడమ కన్ను నేనయ్యాను.

ఎడమ భుజం మీద ఒకసారి తడితే బండి వస్తోందని. రెండుసార్లు తడితే మనిషి అడ్డం వస్తున్నాడని. గట్టిగా నొక్కితే ఆపమని. అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచితే దారి ఖాళీగా ఉందని. ఆరేళ్ళు కళ్ళలో ఒత్తులు వేసుకుని కూర్చున్నాను. గుండె పాడైందని డాక్టర్లు ఆశ్చర్యపోయారు గానీ నాకేం ఆశ్చర్యం లేదు.

నా తప్పు కూడా రాస్తాను. లైసెన్సు మళ్ళీ రాయించుకునేటప్పుడు కంటి పరీక్ష ఉంటుందని, ముందే వెళ్ళి నా కళ్ళు చూపించుకునే నెపంతో ఆ గోడమీది అక్షరాలు బట్టీ పట్టి వచ్చాను. కటింగు బల్ల మీద దర్జీ సుద్దతో రాసి, వరసగా ఆయనకు ఒప్పజెప్పించాను. కుడి కన్ను మూసుకుని గడగడా చదివేశారు. బయటికి వచ్చి ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పోయిన నెల నాకు జ్వరం వస్తే ఆయన ఒక్కరే మూట దింపడానికి వెళ్ళారు. ఎడమ అద్దం వంగిపోయి వచ్చింది. గోడకి రాసుకుందన్నారు. ఆయన నిజంగానే అలా అనుకున్నారు. అద్దం సరిచేసిన మెకానిక్కు, కాడకి చిక్కుకుని ఉందంటూ ఒక నీలం గుడ్డ పీలిక నా చేతిలో పెట్టాడు. గుడ్డా నాదే, దారమూ నాదే, ఆ కుట్టూ నాదే. స్కూలు గేటు దగ్గర రెండు రోజులు నిలబడితే, చొక్కా చెయ్యి చిరిగిన పాప కనబడింది. మోచెయ్యి కొట్టుకుపోయి మందు రాసి ఉంది. "ఎవరో తాతగారండీ, చూసుకోకుండా వెళ్ళిపోయారు," అంది. తాతగారెవరో నేను చెప్పలేదు. ఆ చొక్కా చెయ్యి మళ్ళీ కుట్టి ఇచ్చాను.

4. ఆ మోటారుసైకిలు మా తమ్ముడికి చెందాలి, ఒక షరతు మీద. తమ్ముడూ, పదకొండేళ్ళ కిందట నువ్వు వెనక్కి చూడకుండా నీ కారు తలుపు తీశావు. మీ బావ ఎంత దూరంగా పోయినా ఆ సందులో దూరం లేదు. నా మణికట్టు విరిగింది, నాలుగు నెలలు కత్తెర పట్టలేదు. ఆస్పత్రికి వచ్చి, "కాస్త చూసుకుని రావాలి కదా బావా," అన్నావు. ఆ మాట ఇంకా నా గుండెలో గుచ్చుకునే ఉంది. కాబట్టి ఆరు నెలలు నీ కారుకి తాళం వేసి ఈ బండి నువ్వు నడపాలి. మీ బావ వెనక కూర్చుంటారు. ఆయన ఏది చెబితే అది వినాలి. ఆరు నెలలయ్యాక కారు తలుపు ఏ చేత్తో తీస్తే తల వెనక్కి తిరుగుతుందో నీకే తెలుస్తుంది. బీరువా మీద పాలిథిన్ కవరులో నా పిండికట్టు దాచి ఉంచాను. అదీ నీకే. నీ మీద కోపం లేదని రాయాలని ఉంది గానీ వీలునామాలో అబద్ధం రాయకూడదట.

5. ఇంట్లో నా సగం వాటా బతికున్నంతకాలం మా ఆయనదే, తరవాత అమ్మాయిది. ఆయన హెల్మెట్టులో చిరిగిన అస్తరు తీసేసి మెత్తటి నూలుగుడ్డతో కొత్తది కుట్టాను. వెనక కూర్చున్నా పెట్టుకోవాలి. అమ్మాయీ, నాన్నను గుడ్డివాడిలా చూడకు. రోడ్డు ఆయనకు తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు. ఏమండీ, ఈ మాటలు మీ ఎదురుగా నిలబడి చెప్పలేక కాగితం మీద చెబుతున్నాను. నన్ను క్షమించండి.

6. ఇంతవరకు రాసి చదివి వినిపిస్తే, దస్తావేజులు రాసే ఆయన కళ్ళజోడు తీసి, "అమ్మా, వీలునామా మీరు పోయాకే కదా పనిచేసేది? అంతదాకా?" అన్నారు.

ఆపరేషను బాగా జరిగితే మూడు నెలలు నేను బండెక్కకూడదు. ఆ మూడు నెలలూ ఆయన ఒక్కరే వెళతారు. నేను పోతే ఏం చెయ్యాలో రాస్తూ కూర్చున్నాను గానీ బతికితే ఏం చెయ్యాలో ఆలోచించలేదు. అందుకని మూడో అంశంలో "నా తదనంతరం" అన్న మాట కొట్టేసి "ఈ రోజు నుంచి" అని రాశాను. సాక్షి సంతకానికి వచ్చిన మెకానిక్కు ఇప్పుడే కిందికి వెళ్ళి, నా మాటగా చెప్పి, తాళంచెవి తీసుకుని వచ్చి సంతకం పెడతాడు. మా తమ్ముడు వచ్చేదాకా బండి అతని షెడ్డులో ఉంటుంది. తరవాత నేనూ దిగి, కాగితం మడత పెట్టకుండా ఆయన చేతిలో పెడతాను. కోప్పడితే పడతాను.

ఇంటికి బస్సులో వెళతాం. ఆయన ఎడమ పక్కన నేను కూర్చుంటాను. భుజం మీద అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచుతాను.

తేదీ: 14 నవంబరు, మంగళవారం

(సంతకం) యూనిఫారాల దర్జీ

మా కళ్ళెదుట సంతకం చేసినందుకు సాక్షులు:
1. జిరాక్సు షాపు యజమానురాలు
2. మోటారుసైకిలు మెకానిక్కు. తాళంచెవి నాకు ముట్టింది. అడగగానే ఇచ్చేశారు. "మా ఆవిడ దిగేటప్పుడు మెట్ల దగ్గర చెయ్యి పట్టుకో," అన్నారు.