నా చేతికి కుదిరిన మౌస్

గుడియాత్తం,
మంగళవారం.

చి. దివ్యకు అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ నేనూ మీ నాయనా బాగున్నాం. ఆయన మోకాలు మాత్రం వాన వచ్చే ముందు రోజు బాగుండదు, వాన పడ్డాక బాగుంటుంది. నువ్వూ, నీ గదిలో అమ్మాయిలూ వేళకు తింటూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నీ జాబు అందింది. ఇక్కడ తమిళ బళ్ళోనే చదివినదానివి, హైదరాబాదులో బస్సు బోర్డులు చదువుకోవడానికని తెలుగు అక్షరాలు మొదలుపెట్టి, ఆరు నెలలు తిరక్కుండానే నాకు రెండు పేజీలు రాశావంటే నా సంబరం ఏమని చెప్పను! నేను పలమనేరు బళ్ళో చదివిన పదో తరగతి ఇన్నాళ్ళకు పనికొచ్చింది. మీ నాయనకు మాట్లాడటమే గానీ చదవడం రాదు కదా. నేను చదివి వినిపించాక కాగితం చేతిలోకి తీసుకొని, "ఎంత గుండ్రంగా రాసినాదే నా కూతురు!" అని మెచ్చుకొన్నాడు. కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని మెచ్చుకొన్నాడు.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మొదటిది, నాయన నడుస్తున్నాడా అని. నడుస్తున్నాడు, కానీ టైల్స్ పరచడానికి నేల మీద కూర్చోలేడు. నిలబడి మనుషుల చేత చేయిస్తున్నాడు. కొత్త పనుల కోసం ఊళ్ళు తిరిగేది ఇప్పుడు నేనే. రెండోది, నువ్వు ఆన్‌లైన్‌లో మౌస్ పంపిస్తానంటే వద్దన్నానే, మరి ఏది కొన్నావు అని. మూడోది, జోలార్పేట నుంచి ఎవరో ఫోన్ చేసి "ఇంజినీరమ్మేనా?" అని అడిగి, నువ్వు అవునన్నాక "రొంబ సంతోషం" అని అరవంలో మెచ్చుకొని పెట్టేశాడు, ఎవరమ్మా అది అని. ముందు మౌస్ సంగతి రాస్తాను. మూడోదానికి నాకు కొంచెం ధైర్యం కావాలి.

మౌస్ సంగతి చెప్పాలన్నా ఒక చిన్న అబద్ధం ఒప్పుకోక తప్పదు. దీపావళికి వచ్చినప్పుడు నీ పాత ల్యాప్‌టాప్ నాకిచ్చి, గది కొలతలు పెట్టి టైల్స్ డ్రాయింగ్ గీయడం వారం రోజులు కూర్చోబెట్టి నేర్పావు. నీ మౌస్ పెట్టుకొని నేర్చుకొన్నాను, హాయిగా వచ్చేసింది. మౌస్ నీతో వెళ్ళిపోయింది. ఆ తర్వాత నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడల్లా "రోజూ గీస్తాండాను పాపా" అన్నాను చూడు, ఒక్క రోజు కూడా గీయలేదు. ఆ మీటల కింద వేలితో రాసే పలక ఉంది కదా, అది నా మాట వినలేదు. నేను వేలు పెడితే బాణం కదలదు, కదిలిందా ఎక్కడికో దూకుతుంది. నొక్కి పట్టుకొని గీత లాగితే సగంలో వదిలేస్తుంది. ఇరవై నాలుగేళ్ళు ఇసుక మోసి, సిమెంటు కలిపి, టైల్స్ పరిచిన దానివి, చదువుకొన్నవాళ్ళ పెట్టె నీకెందుకే అని అదే నన్ను తోసేస్తున్నట్టు అనిపించింది. పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టేశాను. నీతో చెప్పడానికి సిగ్గేసింది, అంతే.

ఇంతలో జోలార్పేట దొరైస్వామి గారి పని వచ్చింది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, మన తెలుగువాళ్ళే. కొత్తగా కట్టిన ఇంట్లో హాలు ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క ఇరుకు. ముగ్గురు మేస్త్రీలు చూసి, గోడ వెంట ముక్కలు కోసి అతికిస్తే పోతుందన్నారట. ఆయన భార్యకేమో పూజగది గడప ముందు కోసిన ముక్క కనిపించకూడదు. "యాడ ఏ టైలు వస్తాదో కంప్యూటర్‌లో గీసి చూపించినోళ్ళకే పనమ్మా. పది దినాలు టైము" అన్నాడాయన. హాలు చూడగానే నాకు దారి తోచింది. పూజగది గడప దగ్గర నిండు టైలుతో మొదలుపెట్టి వెనక్కి వస్తే, కోసిన ముక్కలన్నీ సోఫా వేసే వైపు గోడకు పోతాయి. నా బుర్రలో హాలంతా పరిచేసి ఉంది. దాన్ని ఆ పెట్టెలోకి ఎక్కించాలి, అదీ నేనే ఎక్కించాలి. చేస్తే పనికి పని, నా మీద నాకు నమ్మకం. చేయలేకపోతే ల్యాప్‌టాప్ నీకు పార్సిల్ చేసేయాలని గట్టిగా అనుకొన్నాను.

అందుకని ఒక భుజాన ల్యాప్‌టాప్, ఒక భుజాన టైల్స్ శాంపిళ్ళ సంచి వేసుకొని వేలూరు బస్సెక్కాను. అక్కడ గిరిప్రసాద్ అని మన తెలుగాయన, కంప్యూటర్ సామాన్ల అంగడి పెట్టుకొని ఉన్నాడు.

"మౌస్ కావాల నాయనా. వైరు ఉండకూడదు."

"ఎవురికమ్మా, కొడుక్కా?"

"నాకే."

ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి సంచి చూశాడు, మర్యాదగా స్టూలు జరిపాడు. మొదట సెల్లు వేసేది చూపించాడు. వద్దన్నాను. నేను తిరిగే మనిషిని. అణైకట్ అవతల పల్లెలో ఎవరింట్లోనో కూర్చొని ఉండగా సెల్లు అయిపోతే ఎవరిని అడగను? ఫోన్ చార్జరుతోనే చార్జి ఎక్కేది కావాలన్నాను. అప్పుడు లోపలి నుంచి మూడు తెచ్చాడు.

మొదటిది పల్చగా ఉంది. "ప్రయాణాలకని అందరూ దీన్నే కొంటారమ్మా, పర్సులో పట్టేస్తాది" అన్నాడు. పర్సులో పడితే నాకేం, చేతిలో పట్టాలి కదా! అరిగిపోయిన సబ్బు ముక్కను పట్టుకొన్నట్టుంది. తాపీ కొనేటప్పుడు మీ నాయన పిడి పట్టుకొని మణికట్టు తిప్పి చూస్తాడే, నేనూ అట్లాగే ఒక్కొక్కదాన్ని తిప్పి చూశాను. రెండోది చేతికి బాగుంది గానీ నొక్కితే టక్కు టక్కుమంటుంది. రైలులో ఆడవాళ్ళ పెట్టెలో నేను గంటసేపు అట్లా కొడితే, పక్కన పసిబిడ్డను నిద్రపుచ్చుకొన్న తల్లి ఊరుకుంటుందా? మూడోది నొక్కినా చప్పుడు లేదు. అరచెయ్యి నిండుగా ఆనింది. చార్జి పెట్టే రంధ్రం మన ఫోన్‌కు ఉన్నదే. పైగా ముందు వైపుంది కాబట్టి, చార్జి ఎక్కుతుండగానే పని చేసుకోవచ్చు. సంచిలో ఊరికే వెలుగుతూ ఉండకుండా అడుగున ఆపే మీట ఉంది. ల్యాప్‌టాప్‌కు గుచ్చే చిన్న చిప్పు దాని పొట్టలోనే దాచుకొంటుంది.

"చిప్పు యాడన్నా పారేసుకుంటే?" అన్నాను.

"బ్లూటూత్‌లో కూడా పన్జేస్తాదమ్మా. చార్జి ఒకసారి పెడితే నెల దాటినా దిగదు. మర్చిపోయినావనుకో, టీ తాగే సేపు పెట్టు, ఆ పూట గడిచిపోతాది."

అయినా నాకు తృప్తి లేదు. ఆయన గల్లా అద్దం మీద నడిపితే బాణం తడబడింది. సంచిలోంచి రెండు శాంపిల్ టైల్స్ తీసి అంగట్లో పరిచాను. మెరిసేదాని మీద జారింది, గరుకుదాని మీద చక్కగా పరిగెత్తింది. గిరిప్రసాద్ చెయ్యి నడుము మీద పెట్టుకొని, "పదేండ్లుగా మౌస్‌లు అమ్ముతాండా. టైలు తెచ్చి పరీక్ష పెట్టినోళ్ళను ఇప్పుడే చూస్తాండా తల్లీ!" అన్నాడు.

మాట కలిసింది కదా అని, "ఈ పలక చెడిపోయింది, దీన్నీ ఒక చూపు చూడు నాయనా" అని ల్యాప్‌టాప్ ముందు పెట్టాను. ఆయన వేలు పెడితే బాణం చెప్పినట్టు ఆడింది. నేను పెడితే నిలబడిపోయింది. ఆయన పెడితే ఆడింది, నేను పెడితే నిలబడింది. "నీ వేళ్ళు చూపీమ్మా" అని చూసి, "దీనికి ఏ రోగమూ లేదు. నీ వేళ్ళు కాయలు కాసి ఎండిపోయుండాయి. వేలు తగిలినట్టే దీనికి తెలీడం లేదు" అన్నాడు. దివ్యా, నాకప్పుడు రేషన్ అంగడి గుర్తొచ్చింది. అక్కడ కూడా ప్రతి నెలా నా వేలిముద్ర పడక మీ నాయన వేలే పెట్టాలి కదా! నాలుగు నెలలు నా తలకాయకే ఎక్కడం లేదని కుమిలిపోయాను. చెడ్డది తలకాయ కాదు, తోలు! అంగట్లో అందరూ తిరిగి చూసేటట్టు నవ్వాను. గిరిప్రసాద్ కూడా నవ్వాడు. మూడోదాన్నే కొన్నాను. ధర అడగొద్దు, చెప్పను.

ఇంటికి తెచ్చి చార్జికి పెడితే మీ నాయన పక్కనే కాపలా కూర్చున్నాడు. "ఇది దినమ్మూ తినాల్నా?" అన్నాడు. నెలకొకసారి అన్నాను. "నాకంటే అదే మేలు, నీకు వంట తప్పినాది" అన్నాడు. రెండు రోజుల్లో హాలు గీసేశాను. మూడో రోజు జోలార్పేట రైలులో కిటికీ పక్కన చోటు దొరికింది. గరుకు టైలు ఒళ్ళో పెట్టుకొని దాని మీద మౌస్ తిప్పుతూ, వంటింటి వైపు అంచు సరిచేసుకొన్నాను. పక్కనామె పూలు కట్టడం ఆపి, అదేమి, ఇదేమి అని దిగేదాకా అడుగుతూనే ఉంది. ఆ గంటసేపు నాకున్న సంతోషం నీ నామకరణం రోజు కూడా లేదు, కోపం తెచ్చుకోకు.

ఇక మూడో సంగతి. దొరైస్వామి గారు తెర మీద హాలు చూశాడు. భార్యను పిలిచి గడప చూపించాడు. ఇద్దరూ మొహాలు చూసుకొని నవ్వుకొన్నారు. అప్పుడాయన నావైపు తిరిగి, "బలే ఉండాది. ఎవురు గీసినారు ఇది?" అన్నాడు. బల్ల మీద ఇంటి ప్లాను ఉంది, కింద పెద్ద చదువు చదివినాయన ముద్ర ఉంది. నేను నా చీర అంచుకు అంటిన సున్నం చూసుకొన్నాను. "మా పాప గీసినాదన్నా, ఇంజినీరు, హైదరాబాదులో ఉండాది" అని నోట్లోంచి వచ్చేసింది. నీ నంబరు అడిగి రాసుకొన్నాడు. నీకు ఫోన్ చేసింది ఆయనే. నువ్వు అవునన్నది మామూలుగానే అన్నావు, నా అబద్ధానికి తెలియకుండానే సాక్ష్యం చెప్పావు. నా పేరు చెబితే పని పోతుందని భయపడ్డాను తల్లీ. పని వచ్చింది. ఆ రోజు నుంచి అన్నం మాత్రం సహించడం లేదు. గీసినంతసేపూ నాదై ఉన్నది, నా నోటితోనే నాది కాకుండా చేసుకొన్నాను.

ఇప్పుడు చిక్కేమిటంటే, ఎల్లుండి గురువారం పని మొదలు. ఇంజినీరమ్మే వచ్చి టైల్స్ వరసకు నేల మీద మొదటి గీత కొట్టాలని దొరైస్వామి గారి పట్టు. మీ నాయన, "పాపకు జొరం అని చెప్పేస్తే పోలా" అంటాడు. నీకు జ్వరమని నా నోటితో ఎట్లా అంటాను? నేనే వెళ్ళి నిజం చెప్పేస్తాను. పని పోతే పోనీ. జాబు ఇక్కడితో ఆపుతున్నాను, గురువారం వచ్చాక మిగతాది రాసి పోస్టు చేస్తాను.

గురువారం సాయంత్రం.

ఇప్పుడే వచ్చాను, కాళ్ళు కడుక్కొని రాస్తున్నాను. నేను వెళ్ళేసరికి దొరైస్వామి గారు ఇస్త్రీ చొక్కా వేసుకొని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "ఇంజినీరమ్మ యాడ?" అన్నాడు.

"రాలేదన్నా. ఆ బొమ్మ గీసింది నేను. ఆ దినం అబద్ధం చెప్పినాను."

"ఏలమ్మా అట్ల చెప్పినావు?"

"నేనంటే మీరు నమ్మరనుకొన్నాను."

ఆయన, "నమ్మకపోయుందునమ్మా. నిజం చెప్తాండా, నమ్మకపోయుందును" అన్నాడు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, "అయితే ఇప్పుడు నమ్మించమనండి. ఆ వంటింటి పక్క అంచు నాకు నచ్చలేదు, నా ముందర మార్చమనండి" అంది. ల్యాప్‌టాప్ తెరిచాను. అంచు తీసేసి, రెండు రకాలుగా వేసి చూపించాను. రెండోది ఆమెకు నచ్చింది.

దొరైస్వామి గారు లోపలికి వెళ్ళి కుర్చీ మోసుకొచ్చాడు. కూతురి పెళ్ళిలో కొన్నదట, ఎర్ర మెత్తది, ఇంజినీరమ్మ కోసమని పొద్దున్నే తుడిపించి పెట్టాడట. హాలు నడుమ ఇసుక మీద వేసి, "ఇంజినీరమ్మకని పెట్టినాం. కూర్చోమ్మా" అన్నాడు. వద్దన్నా వినలేదు. ఇరవై నాలుగేళ్ళుగా ఎన్ని ఇళ్ళలో పని చేశానో, నేల పూర్తి కాని ఇంట్లో నేను కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు. కూర్చొని ఏడ్చాను, నవ్వాను, తర్వాత లేచి గీత కొట్టాను.

ఇంజినీరమ్మ అని ఆయన రాసుకొన్నది నీ నంబరే, మళ్ళీ ఫోన్ చేస్తాడు. ఇంజినీరమ్మేనా అని అడిగితే, ఆవిడ మా అమ్మండీ అని నా నంబరు చెప్పు.

ఇట్లు,
నిన్ను కన్నది, నీ ల్యాప్‌టాప్ ఇక తిరిగి ఇవ్వనిది,
మీ అమ్మ చెల్లమ్మ.