వాసన వస్తోందని తిప్పి పంపిన మనిషి గురించి

బతు బస్తీ,
జూన్ 2021

టీకా శిబిరాల బాధ్యత చూస్తున్న వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మద్యం వాసన కారణంగా కరోనా టీకా నిరాకరింపబడిన నా తమ్ముడు మణికుమార్‌కు సదరు టీకా వేయించుట గురించి.

ఇంట్లో ఒక మనిషికి గ్లాసు వేరు చేస్తే అతణ్ణి బాగుచేసుకున్నట్టా, వదిలేసుకున్నట్టా? కరోనాకు ముందు నుంచీ ఈ ప్రశ్న నాతో ఉంది. అర్జీలో ఇలాంటివి అడగకూడదు. బడిలో పిల్లలకు అర్జీ రాయడం నేర్పేదాన్ని నేనే. ఈ దీవుల్లో ఆఫీసులన్నిటా నడిచే హిందీలో ఇచ్చిన అర్జీకి జవాబు రాలేదు. తమరు టెక్కలి వైపువారని విని తెలుగులో రాస్తున్నాను.

1. సదరు మణికుమార్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. తాగుడు చాలా ఏళ్లుగా ఉంది. మా అమ్మ అసిరమ్మ వాడి కంచం, గ్లాసు కిటికీ కింద విడిగా పెడుతుంది. జెట్టీ దగ్గరి షెడ్డులో మాత్రం వాడికీ జట్టువాళ్లకూ కలిపి ఒకటే గ్లాసు. రోగం రోజులు, నీ గ్లాసు నువ్వు పట్టుకెళ్లమన్నాను. "ఇంట్లో ఏరే, అక్కడా ఏరేనా అక్కా?" అన్నాడు.

2. ఆ జట్టులో పెద్దవాడు నూకన్న. సానిటైజరులో ఉన్నదీ మందే కదా అని అతని వాదన. "సేతికి రాత్తే సచ్చే పురుగు గొంతులో పోత్తే సావదేటి, టీచరమ్మా?" అని నన్నే అడిగాడు. నవ్వొచ్చింది. ఏప్రిల్‌లో దగ్గు పట్టుకుంది, వారం తిరక్కుండా పోయాడు. తాగుడుతో లోపల ముందే దెబ్బతిన్నవాళ్లకు ఈ రోగం త్వరగా ముదురుతుందని ఆసుపత్రి డాక్టరు గారు అప్పుడు చెప్పారు. మిగిలినవాళ్లు ఇప్పటికీ ఆ గ్లాసే తిప్పుకుంటున్నారు. ఒక్కరికీ టీకా పడలేదు.

3. తాగుడు మాన్పించే వార్డులో చేర్చుదామంటే, ఆ మంచాలు కరోనా రోగులకు ఇచ్చేశారు. తప్పని అనలేను. అధికారం నా చేతిలో ఉన్నా అదే చేసేదాన్నేమో.

4. శిబిరానికి తీసుకెళ్లిన ప్రతిసారీ వాసన చూసి తిప్పి పంపారు. "దీదీ, పీకే ఆయా హై. కల్ లానా," తాగొచ్చాడు, రేపు తీసుకురండి అని. వాళ్లు మర్యాదగానే చెప్పారు. కానీ రేపు కూడా వీడు వీడే కదా! దారిలో తమ్ముడన్న మాట తమకు విన్నవిస్తున్నాను. "ఓ గుక్క ఎయ్యకపోతే నేను నిలబళ్లేను. ఏత్తే ఆళ్లు నిలబడనివ్వరు."

5. నూకన్న పోయిన తరువాత వాడంతట వాడే ముందురోజు నుంచి ముట్టలేదు. ఎవరూ చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని నా పక్కన వరుసలో నిలబడ్డాడు. చేతులు వణుకుతుంటే జేబుల్లో దాచుకున్నాడు. పేరు చెప్పే బల్ల దగ్గరికి వచ్చేసరికి మూర్ఛ వచ్చి పడిపోయాడు. చొక్కా తడిసిపోయింది. పొద్దున్నే ఎక్కించి వచ్చాడని వెనకనుంచి ఎవరో హిందీలో అన్నారు, కొందరు నవ్వారు. వాడు తాగకుండా ఉన్న రోజు, నేను ఎరిగినంతలో, అదొక్కటే.

ఆ సాయంత్రం వాడు షెడ్డుకే వెళ్లాడు. నేను ఆపలేదు.

కావున, వాసనను బట్టి కాక, మనిషికి తెలివి ఉందా, సమ్మతి ఉందా అన్నది చూసి టీకా వేయవలసిందిగా శిబిరం వారికి ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన. వీలైతే సిబ్బందిని ఒక పూట ఆ షెడ్డుకే పంపించండి. రానివాళ్లను నేను పిలుచుకొస్తాను. నా మాట వినకపోయినా నూకన్న పేరు చెబితే వస్తారు. వాళ్లను మెచ్చుకోమని అడగడం లేదు. బతకనివ్వమంటున్నాను.

పైన రాసినది చిత్తగించి, గురువారంలోగా ఒక్క మాట చెప్పించవలెను.

తమ జవాబుకై కాచుకుని ఉన్న విధేయురాలు,
సరోజిని

తా.క. గురువారం మా బస్తీలోనే శిబిరం. తాగి రాకూడదని శిబిరం వారంటారు. ఒక్కసారిగా మాన్పిస్తే ఆ రోజులా మూర్ఛలతో ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గారంటారు. ఇద్దరూ తమ శాఖవారే. "ఎలా రమ్మంటావక్కా?" అని వాడు నిన్న అడిగాడు. ఆ ఉదయం నా చేత్తో కాస్త పోసి తీసుకురావాలో, పోయకుండా తీసుకురావాలో నాకు ఇంకా తేలలేదు.