ఆర్గన్ మోగిన ఆదివారం

కుట్టుమిషన్ సామ్రాజ్ఞి, మెడలో టేపు తప్ప వేరే ఆభరణం ఎరగని మా అమ్మగారి దివ్యసముఖానికి చిన్నోడు సాష్టాంగపడి చేసుకునే విన్నపం.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, నా గదిలో ఉండే తాతయ్య, గోడ మీది బల్లి. (తాతయ్యది నా ఈడే. చీకటి పడకుండానే మఫ్లరు చుట్టుకుని పడుకుంటాడని ఆ బిరుదు.) ముగ్గురిలో ఇద్దరి క్షేమానికి నాది పూచీ. మూడోవాడి సంగతి కింద వస్తుంది. కంగారుపడి చివరి పేజీకి దూకకు.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. దగ్గు పోయింది. నువ్వు కుట్టి పంపిన చొక్కా భుజాల దగ్గర అమిరింది. పొట్ట దగ్గర మాత్రం నా మీద నీకున్న ఆశలన్నీ కనిపించాయి.

ఇక అక్క మోసిన చాడీ. "వాడు ఆదివారం చర్చికి పోయాడట, మతం పుచ్చుకున్నాడేమో కనుక్కోవే" అందట కదా! పుచ్చుకోలేదమ్మా. అది కేథలిక్కుల పెద్ద చర్చి, కేథడ్రల్ అంటారు. వందేళ్ళు దాటిన గోతిక్ పద్ధతి కట్టడం. ఆఫీసులో పొద్దస్తమానం మరుగుదొడ్ల ప్లాన్లు గీసేవాడు అందులో అడుగుపెడితే బుర్ర తిరుగుతుంది. రాతి స్తంభాలు చూపు ఆనినంత మేరా పైకి పోయి, అక్కడ కొమ్మల్లా చీలి, దణ్ణం పెట్టిన చేతుల్లా మొనదేలి కలుసుకుంటాయి. వాననీళ్ళు కక్కడానికి చూరు చుట్టూ రాతి భూతాలు. ఒకటి అచ్చం నోరు తెరిచి నిద్రపోతున్న మామయ్యే. గుండ్రటి రంగుటద్దాల కిటికీలోంచి ఎర్రటి, నీలపు వెలుగు తాతయ్య మఫ్లరు మీద పడితే, పాపం, జీవితంలో మొదటిసారి పెళ్ళికొడుకులా కనిపించాడు.

కానీ నేను వెళ్ళింది వీటికోసం కాదు. అక్కడ ఆర్గన్ అని గోడంత వాయిద్యం ఉంది. ఏనుగు కాళ్ళంత లావు గొట్టాల్లోకి గాలి పంపి మోగిస్తారు. ఊళ్ళో అంతకన్నా పెద్ద చప్పుడు లేదని తాతయ్య చెప్పాడు. నాకు కావలసింది అదే.

పోయిన ఆదివారం సరిగ్గా దాని కిందే, చెక్క బల్ల మీద కూర్చున్నాం. కొవ్వొత్తులు వెలిగించారు. జనం లేచారు, కూర్చున్నారు. ఎంతసేపటికీ ఏమీ లేదు.

"ఇంకా మొదలెట్టరేంట్రా?" అన్నాను.

గుసగుసగానే అన్నాననుకున్నాను. ముందు వరసలన్నీ వెనక్కి తిరిగి చూశాయి. తాతయ్య మొహం పాలిపోయింది. నా చెవి దగ్గరికి రాలేదు వాడు. నా ఎదురుగా వంగి, పెదాలు సాగదీస్తూ చెప్పాడు.

"ఇందాకట్నుంచీ మోగుతూనే ఉందిరా. ఇప్పుడే ఆగింది."

మళ్ళీ మొదలైనప్పుడు తెలిసింది. ముందు వరసలో ఒక చిన్నపిల్ల రెండు చెవులూ మూసుకుని వాళ్ళమ్మ ఒళ్ళో తలదూర్చింది. నాకు మాత్రం బల్ల మీదున్న అరచేతిలో సన్నటి వణుకు. ఆ వణుకు నాకు తెలుసమ్మా. చిన్నప్పుడు నీ మిషన్ బల్లకి కాళ్ళు ఆనించి పడుకునేవాణ్ణి చూడు, అదే. ఏడుపాగలేదు. నాకు భక్తి ముదిరిందనుకుని ఒక ముసలావిడ చేతిరుమాలు ఇచ్చింది.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. "ఫోన్ ఎత్తవేంరా, అంత పెద్దమనిషివైపోయావా?"

కుడిచెవి వానాకాలంలోనే మూతపడింది. ఎడమది బుద్ధిపుట్టినప్పుడు తెరిచే కొట్టులా ఉంది. కొన్ని పొద్దుటిపూటలు కాసేపు తలుపు తీస్తుంది. పక్కింటి కుక్కా, తాతయ్య తిట్లూ వినిపిస్తాయి. మళ్ళీ మూత. చెవుల డాక్టరమ్మ మందులు మార్చి మార్చి చూసింది. ఇది కూడా త్వరలో పూర్తిగా పోతుందట. అప్పుడు తలలో యంత్రం అమరుస్తారట. మాటలు తెలుస్తాయి గానీ గొంతులు ఇప్పటిలా ఉండవట.

"మా అమ్మ గొంతు కూడానా?" అన్నాను.

ఆవిడ అవునన్నట్టు తలూపి, నా భుజం మీద చెయ్యి వేసింది.

అమ్మా, నా దగ్గర జోకులు అయిపోయాయి. నిన్నటి నుంచి నీ గొంతు గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. నీ మాటలన్నీ వస్తున్నాయి. గొంతు రావడం లేదు.

ఫోన్ చెయ్యకు. అది మోగే వేళకి కొట్టు మూసి ఉంటే ఏం లాభం? నువ్వే రా. పెళ్ళివాళ్ళ జాకెట్లు ఒప్పుకున్నాననీ, నాన్నకి వండేదెవరనీ అనకు. వచ్చి నా ఎడమ పక్కన కూర్చుని, లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండు. నేను ఊ కొట్టకపోయినా ఆపకు. ఏ నిమిషాన తలుపు తీస్తుందో నాకే తెలియదు. తీసినప్పుడు లోపలికి వచ్చేది కుక్కా కాకూడదు, తాతయ్యా కాకూడదు. నువ్వే కావాలి. ఏం చెప్పాలో తోచకపోతే తిట్టు. "కోతివెధవా" దగ్గర మొదలుపెట్టు, అక్కణ్ణుంచి నీకు అలవాటేగా.

ఇట్లు,
ఎడమ పక్కన కుర్చీ వేసి ఉంచిన
నీ చిన్నోడు