భుజం దగ్గర కుట్టు

ఆదివారం రాత్రి, చోడవరం.

మా చిన్నికి అంతర్జాతీయ ఐస్ స్కేటింగ్ పోటీలో తొమ్మిదో స్థానం వచ్చింది. కిందటేడు ఇదే పోటీలో అందరికన్నా ఆఖరు.

"తొమ్మిదోదానికి ఇంత సంబరమేటే?" అంది మా అత్త, ఫోన్లోకి తొంగిచూస్తూ.

"ఈసారి పడలేదత్తా," అన్నాను.

కిందటేడు గిర్రున తిరుగుతుంటే నేను కుట్టిన డ్రెస్సు భుజం దగ్గర పిగిలింది. దాన్ని పట్టుకోబోయి పడింది. ఊరందరికీ బ్లౌజులు కుట్టేదాన్ని, నా కూతురికే సరిగ్గా కుట్టలేకపోయాను. ఈసారి మూడు వరసలు కుట్టాను.

ఇందాక చిన్ని ఫోన్ చేసింది. "అమ్మా, నా జంప్ సూసేవా?"

"సూసేనే," అన్నాను. అబద్ధం. ఆట అయ్యేదాకా నా కళ్ళు ఆ భుజం మీదే ఉన్నాయి. కుట్టు నిలిచింది. వచ్చే ఏడు ఇంకా పెద్ద జంపట, దానికి ఏ గుడ్డ ఆగుతుందో...

అత్త పడుకుంది. ఇప్పుడు వీడియో మళ్ళీ పెట్టుకుని నా గుంటని, నా చిన్నిని చూస్తాను.