నా కర్రీ పాయింట్‌లో జపాన్ కత్తి

జూన్ 9, సోమవారం

ఈయన వచ్చేశాడు. ఈసారి సెలవుకి కాదు, మొత్తానికే. పంతొమ్మిదేళ్లు జపాన్ కంపెనీ ఓడల్లో వంట చేశాను, చాలు, కాంట్రాక్టు అయిపోయింది అన్నాడు. బక్రీద్‌కి వస్తానన్న మనిషి రెండు రోజులు లేటు. సరే.

సూట్‌కేసు ఒకటి. దానికి రెండింతల చెక్క పెట్టె ఇంకొకటి. ఆటోలోంచి దించడానికి ఇద్దరు పట్టారు. లోపల ఏం తెచ్చాడోనని వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చింది. తీస్తే కత్తులు, గిన్నెలు, చెక్క మూతలు. ఇంకా ఒక రాయి. జపాన్ నుంచి అద్దంకికి రాయి మోసుకొచ్చిన మొగుడు నాకే దొరికాడు.

ఓడలో ఈయనకి పని నేర్పిన పెద్ద వంటాయన రిటైరవుతూ ఇచ్చాడట ఇవన్నీ. ఒగావా అని పేరు. ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. నా పేరు చెప్పేటప్పుడు ఎప్పుడూ మారలేదు.

జూన్ 11, బుధవారం

పదకొండేళ్లుగా ఈ కర్రీ పాయింట్ నాది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో వంట. రోజూ ఐదు కూరలు, ఒక పప్పు, ఒక పులుసు, ఒక పచ్చడి. పదకొండున్నరకల్లా అన్నీ సిద్ధంగా ఉండాలి. నేనూ వెంకటేశ్వరమ్మా ఇద్దరమే చేస్తాం. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుంటే పది కిలోల వంకాయలు మాటల్లో అయిపోతాయి.

ఈరోజు ఈయన వంటగదంతా ఒక చుట్టు తిరిగి చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని. ఇన్‌స్పెక్షనుకి వచ్చినట్టు. అంతా అయ్యాక, కత్తిపీట డేంజర్ కదా నసీమా అన్నాడు.

నలభై ఏళ్లుగా దానిమీద కోస్తున్న వెంకటేశ్వరమ్మ తన పది వేళ్లూ ఎత్తి చూపించింది.

జూన్ 12

రెండు కిలోల బంగాళాదుంపలు. ఈయన కొయ్యడానికి గంటా పది నిమిషాలు. ముక్కలన్నీ ఒకే సైజు, అచ్చులో పోసినట్టు. కస్టమర్లు మాత్రం పక్క వీధిలో ఇంకో పాయింటుకి పోయారు.

జూన్ 17, మంగళవారం

సురిబచి అట. మట్టి గిన్నె. లోపలంతా దువ్వెనతో గీసినట్టు గీతలు. చెక్క రోకలితో గుండ్రంగా తిప్పుతూ నూరాలి. ఒడిలో పెట్టుకుని నువ్వులు నూరాడు. బాగానే నూరాడు, నేను కాదనను. నువ్వులు మెత్తగా, నూనె పైకి తేలి, మిక్సీలో రాని రకంగా వచ్చాయి. ఎన్ని? ఒక గిద్దెడు. నా పాయింటుకి పచ్చడి కావాల్సింది ఐదు కిలోలు.

ఊరుకోకుండా దాంట్లోనే ఎండుమిరపకాయలు కూడా నూరాడు. గింజలన్నీ ఆ గీతల్లో ఇరుక్కున్నాయి. కడగాల్సింది ఎవరు? నేను. వెదురు బ్రష్షు ఒకటి ఉంది, దాంతో లోపలి నుంచి బయటికి తోమాలట. తోమాను. చెయ్యి భగభగమంటోంది. పెన్ను పట్టుకున్నా మండుతోంది.

జూన్ 20, శుక్రవారం

గిన్నెకంటే చిన్న మూత తెచ్చాడు. పొరపాటున వేరే గిన్నెది తెచ్చాడనుకున్నాను. కాదట. అది అంతేనట. కూర మీదే తేలుతూ ఉండాలట, గిన్నె అంచుల మీద కాదు. పులుసు తక్కువైనా పై ముక్కలకి కూడా పడుతుందట, ముక్క కదలదట, చితకదట.

నేను దానిమీద ఇంకో పెద్ద పళ్లెం మూసేశాను. ఈయన తీసేశాడు. నేను మళ్లీ మూశాను. యాభై ఏళ్లు దగ్గరపడుతున్న ఇద్దరం ఒక మూత కోసం అరగంట కొట్టుకున్నాం.

బంగాళాదుంప కూరలో ఒక్క ముక్క కూడా చితకలేదు. ఈ సంగతి ఈయనకి చెప్పలేదు.

జూలై 2, బుధవారం

నేను ఏం వండినా పైన కారప్పొడి కుమ్మరించుకుంటున్నాడు. పప్పులో. పెరుగన్నంలో కూడా. ఓడలో చప్పిడి తిండి తిని తిని మొహం వాచి ఉన్నాడనుకున్నాను. కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఆపడు. తిన్నాక మాత్రం నీ చేతి వంటే వంట నసీమా అంటాడు.

కారప్పొడి కింద నా వంట ఎక్కడుందో వెతుక్కోవాలి.

మా అమ్మాయి షమాకి ఫోన్ చేసి చెప్పుకున్నాను. పెళ్లై సత్తెనపల్లి వెళ్లింది గానీ ఇప్పటికీ నాన్న పార్టీయే. నాన్న ఇన్నాళ్లకి ఇంటి పట్టున ఉన్నాడు, కాస్త సర్దుకోమ్మా అంది. సర్దుకోవడానికి నాకు వంటగదిలో చోటు మిగిలితే కదా.

జూలై 8, మంగళవారం

అయింది. అనుకున్నంతా అయింది.

నకిరి అని ఒక కత్తి ఉంది. కూరగాయల కత్తి, ముందు మొన ఉండదు, రేకంత పల్చన. ఈయనకి అది ప్రాణం. పొద్దున్నే నమాజు అయ్యాక ఆ రాయిని నీళ్లలో నానబెట్టి, బుడగలు రావడం ఆగేదాకా ఆగి, అప్పుడు నూరతాడు. సర్ర్, సర్ర్. పళ్లు జివ్వుమంటాయి.

ఈయన బజారుకెళ్లినప్పుడు వెంకటేశ్వరమ్మ దాంతో గుమ్మడికాయ మీద ఒక్కటిచ్చింది. కాయ పగిలింది. కత్తి అంచు కూడా గోరంత విరిగింది.

ఈయన వచ్చి చూశాడు. అరిచాడు. నా పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఈయన అంత గట్టిగా అరవడం వినలేదు. వెంకటేశ్వరమ్మ కొంగు దులుపుకుని లేచింది. ఈ కత్తికో దండం, కత్తి గలాయనకో దండం అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

పదకొండేళ్లలో జ్వరమొచ్చినా మానని మనిషి.

జూలై 9

మూడు కూరలే.

జూలై 10

రెండు. బోర్డు మీద మిగతావి చెరిపేశాను.

జూలై 13, ఆదివారం

వెంకటేశ్వరమ్మ ఇంటికి ఈయన్ని లాక్కెళ్లాను. గుమ్మంలో నిలబెట్టాను. తప్పయిపోయిందమ్మా, కోపంలో ఏదో అన్నాను అన్నాడు. ఆవిడ చింతచిగురు గిల్లుతోంది. తలెత్తి చూసి, నేను మీ ఇంట్లో పనిమనిషిని కాదు బాషా గారూ, మీరు లేని పదకొండేళ్లూ ఆ పాయింటుని మేమిద్దరం నిలబెట్టాం అంది.

ఈయన తల వంచుకున్నాడు. నాకు మాత్రం ఈలవెయ్యాలనిపించింది.

రేపటి నుంచి వస్తుంది. కండిషను ఒకటే, జపాన్ సామానంతా ఒక మూలకి పోవాలి.

జూలై 31, గురువారం

బేసిన్‌ని మూడుసార్లు తోమి వచ్చి రాస్తున్నాను.

రామకాంత్ మాస్టారి రిటైర్మెంటు భోజనాలు. హైస్కూల్లో ఎనభై మందికి. పులిహోర, గుత్తి వంకాయ, పప్పు, కొబ్బరి పచ్చడి, పెరుగు. ఆయన మా షమాకి లెక్కలు చెప్పారు. అడిగి మరీ ఆర్డర్ నాకిచ్చారు, నసీమమ్మ వంటైతే నేను పిలిచినవాళ్లకి ధైర్యంగా వడ్డిస్తాను అన్నారట.

పదిన్నరకి గ్యాస్ అయిపోయింది. వెంకటేశ్వరమ్మ మొదటి ట్రిప్పు ఆటోలో పులిహోరతో వెళ్లింది. మూడిళ్ల అవతల క్రిస్టీనా దగ్గర సిలిండర్ అడగడానికి నేను పరిగెత్తాను. పచ్చడి మీరు నూరి పెట్టండి అని ఈయనకి చెప్పాను. ఓడలో ముప్ఫై మందికి మూడు పూటలా వండిన మనిషి. కొబ్బరి పచ్చడి ఎంత?

తిరిగొచ్చేసరికి పచ్చడి బేసిన్‌లో ఉంది, తాలింపు కూడా వేసేశాడు. గుమ్మంలోనే నా ముక్కుకి కొట్టింది. మురిగిన కొబ్బరి. ఏ కాయో లోపల కుళ్లింది. ఈయన స్పూనుతో తీసి నోట్లో పెట్టుకుని ఫస్ట్ క్లాస్, చూడు అంటున్నాడు.

నేను చూశాను. పచ్చడిని కాదు, ఈయన్ని.

బేసిన్ ఎత్తి మోరీలో కుమ్మరించాను. ఉన్న టమాటాలతో పచ్చడి చేసేసరికి అరగంట లేటు. మాస్టారు ఒక్క మాట అనలేదు. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. అది వెళ్లుంటే? ఎనభై మంది. అందులో సగం మంది పిల్లలు.

ఆగస్టు 1, శుక్రవారం

టీలో చక్కెర బదులు రెండు చెంచాల ఉప్పు వేసి ఇచ్చాను. తాగేశాడు. బాగుందన్నాడు.

ఆగస్టు 2, శనివారం

మధ్యాహ్నం పాయింట్ కట్టేశాక తలుపు దగ్గరికి వేశాను. వెంకటేశ్వరమ్మ వెళ్లిపోయింది. ఈయన మూల కూర్చుని ఆ విరిగిన నకిరిని నూరుకుంటున్నాడు. నెల రోజుల్నుంచి నూరుతూనే ఉన్నాడు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

నిన్న టీలో ఉప్పు వేశాను, తెలుసా మీకు, అన్నాను.

చెయ్యి ఆగింది. కత్తి తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు.

మూడేళ్ల కిందట ఓడలో అందరికీ జ్వరమొచ్చింది. అందరికీ తగ్గింది. ఈయనకి జ్వరం పోతూ పోతూ వాసనా రుచీ పట్టుకుపోయింది. వారంలో వస్తుందనుకున్నాడట. నెలన్నారు. ఏడాదన్నారు. చీరాల నుంచి రసూల్ అని అసిస్టెంటు ఉండేవాడు, అతనొక్కడికే చెప్పాడు. రెండేళ్లకి పైగా ప్రతి గిన్నె రసూలే రుచి చూసి సైగ చేసేవాడట. మొన్న మే నెలలో రసూల్ వేరే ఓడకి మారాడు. మూడు రోజుల్లో రెండుసార్లు సూపు ఉప్పు కషాయమైంది. కెప్టెన్ పిలిచాడు. కాంట్రాక్టు అయిపోలేదు. పంపించేశారు.

మరి ఈ కత్తులేంటండీ అని అడిగాను.

"ఉప్పు సరిపోయిందో లేదో నాకిప్పుడు తెలీదు నసీమా. కానీ ముక్కలన్నీ ఒక్క సైజులో ఉంటే అన్నీ ఒకేసారి ఉడుకుతాయని తెలుసు. అది కంటితో చూడొచ్చు. నువ్వులు ఎంత నలిగాయో చేతికి తెలుస్తుంది. నాకు వంటలో మిగిలింది అంతే."

కారం ఒక్కటే తెలుస్తుందట. అది రుచి కాదు కదా, మంట. అందుకే కుమ్మరించుకుంటున్నాడు. తింటున్నాననైనా తెలియాలి కదా అన్నాడు.

ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడవలేదు. లేచి వచ్చేశాను.

ఆగస్టు 3, ఆదివారం

ఏడవలేదు ఎందుకంటే ఒళ్లు మండిపోతోంది.

మూడేళ్లు! రెండుసార్లు సెలవుకొచ్చి వెళ్లాడు. వచ్చిన ప్రతిసారీ నేను తెల్లారుజామున లేచి దమ్ము బిర్యానీ చేశాను. ఎంత పొగిడాడు! ప్రపంచమంతా తిరిగాను, ఇలాంటిది ఎక్కడా లేదు అన్నాడు. ఆ మాట పట్టుకుని నెలల తరబడి బతికాను. వెంకటేశ్వరమ్మకి వందసార్లు చెప్పాను. పీచు తిన్నా అదే మాట అనేవాడన్నమాట.

రుచి పోయినందుకు కాదు నా కోపం. నాకు చెప్పకుండా రసూల్‌కి చెప్పినందుకు.

ఆగస్టు 4

మాట్లాడలేదు. అన్నం పెట్టాను. బాగుంది అనబోయి ఆగాడు.

ఆగస్టు 6, బుధవారం

గుంటూరు వెళ్లాం. చెవి ముక్కు గొంతు డాక్టరు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం గనక మాట్లాడక తప్పలేదు. చిలకలూరిపేట దాటాక, నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. వంటవాడికి నాలుక పోయిందంటే ఇంక వాడు ఎవడు అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. పత్తి చేలు దాటిపోతున్నాయి.

నా మొగుడు అన్నాను. విసుగ్గానే అన్నాను.

డాక్టరు చాలా టెస్టులు చేశాడు. రావచ్చు, రాకపోవచ్చు, ఇంత ఆలస్యంగా వచ్చినవాళ్లూ ఉన్నారు అన్నాడు. ముక్కుకి ఎక్సర్‌సైజు ఉందట. రోజుకి రెండుసార్లు నాలుగు వాసనలు, ఒక్కోటి ఇరవై సెకన్లు. వాసన రాకపోయినా అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలట.

ఆగస్టు 18, సోమవారం

లవంగాలు, నిమ్మతొక్క, నీలగిరి తైలం, గులాబీ అత్తరు. నాలుగు సీసాలు కిటికీలో. పొద్దున, సాయంత్రం. కళ్లు మూసుకుని కూర్చుంటాడు. నేను పక్కన నిలబడి సెకన్లు లెక్కపెట్టాలి. పొయ్యి మీద పులుసు పొంగుతున్నా లెక్కపెట్టాలి.

ఏమైనా వచ్చిందా? లేదు.

ఏమైనా వచ్చిందా? లేదు.

అడగడం మానేశాను.

సెప్టెంబరు 9, మంగళవారం

వెంకటేశ్వరమ్మకి నేనే చెప్పాను. దాచి దాచి ఎనభై మంది మీదికి తెచ్చుకున్నాం, ఇంక చాలు. ఆవిడ నోటిమీద చెయ్యేసుకుంది. తర్వాత ఏం ఆలోచించుకుందో, ఈరోజు బెండకాయలన్నీ ఈయన ముందు గుమ్మరించి, కొయ్యండి బాషా గారూ, మీరు సన్నగా కోస్తారు, వేపుడుకి బావుంటుంది అంది. నకిరి అంచు సరైంది. గోరంత విరుపు పోవడానికి రెండు నెలలు పట్టింది, కత్తి కాస్త సన్నబడింది.

ఇప్పుడు పద్ధతి ఇది. సన్న కోత ఈయన, కత్తిపీట పని వెంకటేశ్వరమ్మ, ఉప్పూ రుచీ నేను. నేను చూడనిది ఏదీ గుమ్మం దాటదు.

బెండకాయ వేపుడు పన్నెండింటికే అయిపోయింది. రామకాంత్ మాస్టారు రెండు పార్సిళ్లు పట్టుకెళ్లారు. ఈయనకి చెబితే మొహం చాటంత అయింది. వెంటనే, రేపటి నుంచి పప్పు మీద కూడా ఆ చిన్న మూత వేద్దామా అన్నాడు.

పప్పు మీద! పప్పు పొంగితే ఆ మూత పడవలాగా కొట్టుకుపోతుంది. ఎంత చెప్పినా వినడు. వేశాడు. పొంగింది. పొయ్యి తుడిచింది నేనే.

అక్టోబరు 12, ఆదివారం

సాయంత్రం ఈయన వరండాలో కూర్చుని, ఏదో మాడుతోంది అన్నాడు.

పొయ్యిలు చూశాను. అన్నీ ఆపే ఉన్నాయి. నాకేమీ రావట్లేదు అన్నాను. పాలు, నసీమా, పాలు మాడుతున్నాయి అన్నాడు.

వీధిలోకి పరిగెత్తాను. మూడిళ్ల అవతల క్రిస్టీనా నల్లగా మాడిన గిన్నె పట్టుకుని, తనని తాను తిట్టుకుంటూ బయటికొచ్చింది. నడివీధిలో ఆవిడని వాటేసుకున్నాను. పాపం, జడుసుకుంది.