టోబీ కోసం వెతికిన దారి

మ్యూకర్, ఏప్రిల్

చెల్లీ విన్నీ,

నా దగ్గర ఉండిపొమ్మని పిలిస్తే నువ్వు పెట్టిన షరతు మరిచిపోలేదు. "మా టోబీ రోజూ నడవడానికి చోటు చూపించు, విట్బీలో ఇల్లు ఖాళీ చేసి నీ దగ్గరికి వచ్చేస్తా" అన్నావు. గుమ్మం ముందు సముద్రపు ఇసుక పెట్టుకున్నదానివి, అడుగుతావు. వెతుకుతున్నాను.

నాకు కుక్కలంటే పడదు, నీ టోబీ అయినా సరే. అయినా ఇక్కడ గొర్రెలు పెంచే రైతు కాల్వర్ట్ దగ్గర వాళ్ల కుక్క మెగ్‌ని అరువు తెచ్చాను. గొర్రెలు కాసి కాసి పని మానిన ముసలిది. టోబీలాగే వెనక కాళ్లు పట్టేశాయి. అది నడిచిన చోట టోబీ నడుస్తాడని నా లెక్క.

ఏటి పక్క గడ్డిచేల దారి పట్టాం. చేనుకో రాతిగోడ, గోడలో మనిషి ఒరుసుకుంటూ పోయేంత సందు, సందులో గొర్రెలు దాటకుండా మోకాలెత్తు బండ. మెగ్ మొదటి బండ దగ్గరే కూర్చుని నా మొహం చూసింది. గోడ గోడకీ ఎత్తి దింపాను. ఆఖరి సందులో ఇద్దరం ఇరుక్కున్నాం. కాల్వర్ట్ ట్రాక్టరు ఆపి, "ఈడితమ్మా, నువ్వు కుక్కని తిప్పుతున్నావా, మోస్తున్నావా?" అని అరిచాడు.

కొండదారి ఇప్పుడు కుదరదు. గొర్రెలు ఈనే రోజులు. కుక్కని చూసి బెదిరితే కడుపులో పిల్లని పోగొట్టుకుంటాయి. ఇంకో చోటు చూస్తాను.

నీ అక్క,
ఈడిత్

మ్యూకర్, జూన్

విన్నీ,

ఏటి అవతల దారి చూద్దామని వెళితే అక్కడ దూడలున్న ఆవులు. ఒకటి తల వంచి మా మీదికొచ్చింది. ఆవు తరిమితే కుక్క తాడు వదిలెయ్యాలి, దాని పగ కుక్క మీదేనని ఇక్కడ పిల్లలకీ తెలుసు. నేను వదల్లేదు. మెగ్‌ని చంకన పెట్టుకుని ముళ్లకంచెలో పడ్డాను.

"తాడెందుకు వదల్లేదు? అది నీ కుక్క కూడా కాదే!" అన్నాడు కాల్వర్ట్, నన్ను బయటికి లాగుతూ.

"అందుకే వదల్లేదు. పోతే నీకేం చెప్పుకోను?"

అది సగమే నిజం.

ఆ వారమంతా ఏటి పక్క గడ్డిచేలల్లో అతని సుత్తి చప్పుడు. ప్రతి సందు పక్కనా గోడ అడుగున కన్నం చేసి, పైకెత్తే చెక్కపలక పెట్టాడు. ఎత్తితే కుక్క దూరుతుంది, దించితే గొర్రె దూరదు. కుక్కలతో వచ్చేవాళ్లని చూస్తే పళ్లు నూరే మనిషి!

దారి దొరికింది, విన్నీ. ఇంకో మాట. ఈ ఇంట్లో నేను మాట్లాడేది పొయ్యితోనే. అది వేడెక్కుతుంది గాని బదులు చెప్పదు. టోబీ కోసమే వెతికాననుకోకు.

ఈడిత్

విట్బీ, జూన్

అక్కా,

టోబీ ఏప్రిల్లోనే పోయాడు. వాణ్ణి పాతిపెట్టి వచ్చేసరికి నీ మొదటి ఉత్తరం గుమ్మంలో పడి ఉంది. నువ్వు మెగ్‌ని మోసిన కబురు చదివి, మట్టిచేతులతోనే నవ్వాను. సంగతి చెబితే వెతకడం మానేస్తావు, ఉత్తరాలు ఆగిపోతాయి. అందుకే నీకు బదులు రాస్తూ వాడు బాగున్నాడన్నాను.

నువ్వు జాలిపడి పిలిచావనుకున్నాను. జాలికైతే రాలేను. నీకు కుక్కలు పడవు గదా, మాట వెనక్కి తీసుకుంటావని ఆ షరతు పెట్టాను. నువ్వేమో ఆవు తరిమినా తాడు వదల్లేదు.

కుక్క లేకుండా వస్తే రానిస్తావా? నా మోకాళ్లూ టోబీ కాళ్లలాంటివే. ఆ బండలు నేనూ ఎక్కలేను.

విన్నీ

మ్యూకర్, జూలై

విన్నీ,

రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. మూడో రోజు టోబీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఏనాడూ వాడి తల నిమిరిందాన్ని కాదు.

కాల్వర్ట్‌తో, "పలకలు చాలవు, ఏటి దారికి గేట్లు పెట్టాలి" అన్నాను.

"ఇంకో కుక్కొస్తోందా?"

"మా చెల్లెలు. మోకాళ్లు బాగాలేవు."

"కరుస్తుందా?"

"అబద్ధాలాడుతుంది."

"ఆడనీ. గొర్రెల్ని తరమకపోతే చాలు."

గడ్డి కోతలయ్యాక పెడతాడట. అందాకా ఊరి రోడ్డు మీదే నడుద్దాం. శనివారం బస్సుకి రా. టోబీ తాడు పారెయ్యకు, తీసుకురా. మెగ్‌ని ఇంకా గడ్డిమోపులు కట్టే తాడుతోనే తిప్పుతున్నాను.

నీ అక్క,
ఈడిత్